మడకు పెట్టిన గుడి

పటం కింద కుడిమూల చిన్న గడిలో "గీసినవాడు: మొగిలయ్య" అని ఉంది. ఆ ఒక్క ముక్క పట్టుకుని కామరాజు రాత్రంతా రైల్లో కూర్చుని వచ్చాడు. సికింద్రాబాదులో దిగి బస్సెక్కితే కండక్టరు మాటల్లో పడి ఉప్పల్ రింగురోడ్డులో దింపాడు. అక్కడి నుంచి ఎండలో వెనక్కి నడిచి, నాచారం ఫ్యాక్టరీల మధ్య నాలుగు షెడ్లు తప్పి, ఐదో షెడ్డులో మనిషిని దొరకబుచ్చుకున్నాడు.

మొగిలయ్య బల్ల మీద వంగి ఏదో ఊరి పటంలో బావులకు సున్నాలు చుడుతున్నాడు. పన్నెండేళ్లుగా అదే పని. జనగామ దగ్గరి పల్లె నుంచి వచ్చి, మొదట ఫ్యాక్టరీలో మూటలు మోసి, అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయని ఎవరో అంటే ఈ పటాల షాపులో చేరాడు.

"మొగిలయ్యంటే మీరేనాండి?"

"నేనే. ఏం గావాలె?"

"మాది గవ్వలదీవండి. మా ఊరి పటం మీరే గీశారంట. మా ఊళ్లో వరి ఎక్కడ పండుద్దో చూపిత్తారేమో, కోసుకుపోదామని వచ్చానండి."

ప్రింటింగు గదిలోంచి లక్ష్మీనర్సమ్మ ఫక్కున నవ్వింది. పటాలకు ప్రతులు తీసే అమోనియా మిషను నడిపేది ఆమే. ఆ ఘాటుకి కళ్లు ఎప్పుడూ ఎర్రగా ఉంటాయి గాని నోటికి మాత్రం ఏ ఘాటూ తగలదు. "మొగిలన్నా, నీ తానికి వరి కోత కూలీ వచ్చిండు, సూడు!"

మొగిలయ్యకు నవ్వు రాలేదు. గవ్వలదీవి అనగానే గుర్తొచ్చింది. పటాలు గీసే పారదర్శకపు ఫిల్ముల్లో ఏడో నంబరుది. చుట్టూ సముద్రం, మధ్యలో చింతగింజంత ఊరు, నూట ముప్ఫై ఇళ్లు. రెండు నెలల కింద గీశాడు. చిత్తుప్రతిని జిల్లా ఆఫీసు వాళ్లు జనం చూసుకోవడానికని అంటించారు. ఇవాళ సాయంత్రం నాలుగింటికి జిల్లా నుంచి జీపు వస్తుంది. ఐదు ఖరారు ప్రతులు పట్టుకుపోతుంది. కరెంటు కోత రెండింటి దాకా కాబట్టి ప్రింట్లు ఇంకా తియ్యలేదు. అంతవరకే మిగిలింది.

కామరాజు సంచిలోంచి ఒక కాగితం తీసి బల్ల మీద పరిచాడు. వెనక మైదాపిండి జిగురు ఇంకా పెచ్చులు కట్టి ఉంది.

"మండలాఫీసు బోర్డు మీంచి పీకేశానండి. కేసు పెట్టుకోమన్నాను. ఇదిగో, ఇక్కడ మడి. ఇక్కడ మడి. ఇదిగో మళ్లీ మడి. పదకొండు చోట్లండి. మా తాతల నాటి నుంచి మా దీవిలో వరి గింజ మొలవలేదు. అది మడి కాదు బాబూ, మడ. మడ చెట్లు. ఉప్పునీళ్లలో మొలిచే అడవి."

"మడ," అన్నాడు మొగిలయ్య. నోట్లో కొత్త మాట.

"ఎప్పుడూ వినలేదాండి?"

"లే."

కామరాజు సంచిలోంచి ఇంకో పొట్లం విప్పాడు. మందంగా, వెనక బూడిదరంగుగా ఉన్న నాలుగు ఆకులు. ఒకటి ఎత్తి మొగిలయ్య మొహం ముందు పెట్టాడు. "నాలిక ఆనించి చూడండి. పర్లేదు, విషం కాదు."

మొగిలయ్య ఆనించాడు. ఉప్పు. పచ్చి ఉప్పు.

అప్పుడు గుర్తొచ్చింది. సర్వేవాళ్లు పంపిన ఫీల్డు బుక్కులో, నాలుగో పేజీలో, గొలుసుకట్టు రాతలో "మడ" అనే ఉంది. తనే చూశాడు. ఈ ఆంధ్రాయన తొందరలో గుడి మరిచిండు అనుకున్నాడు. తన ఊళ్లో మడి అంటే చెరువు కింద వరి పారే పొలం చెక్క. మడ అనే మాట పుట్టి బుద్ధెరిగి వినలేదు. వినని మాట ఉండదనుకున్నాడు. పదకొండు చోట్లా గుడి పెట్టాడు. పెట్టి ఊరుకున్నాడా? మడి అన్నాక పైరు గుర్తులుండాలి కదా అని, సన్నని పెన్నుతో వందల వరి దుబ్బులు కూడా గీశాడు. సర్వేవాడి తప్పు దిద్దానని ఆ పూట సంతోషంగా చాయ్ కూడా తాగాడు.

"దీంతోని ఏమైతది?" అని అడిగాడు.

"ఢిల్లీవోళ్లు కొత్త నిబంధన పెట్టారంటండి. మడ ఉన్నచోట ఎవడూ ముట్టకూడదు. మడి ఐతే ముట్టొచ్చు. రొయ్యల కంపెనీవోడు నాలుగొందల ఎకరాలకి అర్జీ పెట్టేశాడు. ఈ పటం ఖాయమైన మర్నాడే పడవల మీద పొక్లెయిన్లు దింపుతాడంట. నరికి, తవ్వి, చెరువులు కడతాడు. మడ పోతే పీత లేదు, బొంతచేప లేదు. అదంతా ఆ వేళ్ల సందుల్లోనే గుడ్డు పెట్టుద్ది. చేప సంగతి వదిలెయ్యండి. డెబ్బయ్యేడు ఉప్పెనకి మా నాయన తలపాగాతో మడచెట్టుకి కట్టేసుకుని బతికాడు. మడ లేని వైపు పాకల్లో ఒక్కడూ మిగల్లేదు."

"బోర్డు మీద పెట్టినప్పుడే అభ్యంతరం రాసియ్యొచ్చు గదా?"

"బోర్డు ఎక్కడ పెట్టారండీ? మండలాఫీసులో. రెండు పడవలు మారి, బస్సెక్కితే వత్తాది. మాకు తెలిసేసరికి గడువు దాటి తొమ్మిది రోజులు. అడిగితే, పటం మాది కాదు హైదరాబాదోళ్లది, ఎవడు గీశాడో వాణ్ణే అడుక్కోమన్నారు. అందుకే మిమ్మల్ని అడుక్కోడానికి వచ్చాను."

అంత దూరం నుంచి వచ్చి ఎదురుగా నిలబడ్డ మనిషికి, గుడి నేనే పెట్టిన అని చెప్పాలి. మొగిలయ్య చెప్పలేకపోయాడు. "జర కూసోండి," అని లోపలికి పోయాడు.

షాపు యజమాని విశ్వనాథం పెద్ద సర్కారు ఆఫీసులో ముప్ఫై ఏళ్లు పటాలు సరిచూసి రిటైరైన మనిషి. కోస్తా ఊరివాడు. అద్దాల గదిలో విసనకర్రతో విసురుకుంటూ కూర్చున్నాడు.

"సార్, ఏడో నంబరు ఫీల్డు బుక్కు జర ఇయ్యిండ్రి."

"ఎందుకు?"

"తప్పు వడ్డది సార్. మడ అని ఉంటే మడి అని రాసిన."

విశ్వనాథం విసనకర్ర ఆపలేదు. "తెలుసు."

"తెలుసా?"

"సముద్రం ఒడ్డున పుట్టినవాణ్ణి, నాకు మడ తెలియదా? సరిచూసినప్పుడే పట్టుకున్నాను. జిల్లాకి ఫోన్ చేశాను కూడా. అభ్యంతరాలు రాకపోతే అలాగే ఉంచండన్నారు. రాలేదు. ఉంచాను."

"మరి నాకు చెప్పకపోతిరి?"

"చెప్తే ఏం చేసేవాడివి? ఇదిగో మొగిలయ్యా, బాగా విను. గడిలో పేరు నీది. అక్షరం నీది. ఇది రచ్చకెక్కితే ముందు అడిగేది నిన్ను, లోపల వేసేదీ నిన్నే. ఎక్కకపోతే ఎవరికీ ఏమీ లేదు. మనం కొలిచామా, కోశామా? వాళ్లిచ్చిన బుక్కులో ఉన్నది గీశాం."

"లేంది గీసిన సార్."

"నోరు మూసుకుని పని చూసుకో. ఆ బయటి మనిషిని పంపించెయ్."

తప్పు చేసినవాడు ఒకడు. ఆ తప్పు తమకు పనికొస్తుందని అట్టే పెట్టుకున్నవాళ్లు ఇంకొందరు. రెండోవాళ్ల పేర్లు ఏ గడిలోనూ ఉండవు.

కామరాజును గేటు దాకా పంపించారు. అతను గేటు దాటాడు గాని పోలేదు. షెడ్డు పక్క గోడకు ఆనుకుని, ప్రింటింగు గది కిటికీ కింద గొంతుకూర్చున్నాడు. మొగిలయ్య బల్ల దగ్గర కూర్చున్నాడు. బావులకు సున్నాలు చుట్టాలి. పెన్ను ముట్టుకోలేదు. గోడ మీద గడియారం ఒకటీ పది చూపిస్తోంది. ఉద్యోగం పోతే ఉప్పల్లో గది ఖాళీ చెయ్యాలి, పిల్లను బడి మాన్పించాలి. కేసైతే జైలే. అన్నీ ఆలోచించాడు. ఎటు తిరిగినా కంటి ముందు ఆ వరి దుబ్బులే. ఎంత ముద్దుగా గీశాడు వాటిని!

లేచి ప్రింటింగు గదిలోకి పోయాడు.

"నర్సమ్మక్కా, ఏడో నంబరు ఫిల్ము ఇయ్యి."

"ఎందుకురా?"

చెప్పాడు. దాచకుండా మొత్తం చెప్పాడు. లక్ష్మీనర్సమ్మ నోరు తెరిచి విని, నెత్తి మీద చెయ్యి పెట్టుకుంది.

"నీ తెలివి తెల్లారినట్టే ఉన్నది! సదువుకున్నోడు రాసింది నీకు తెల్వకపోతే అడగాలె గని, దిద్దుతవారా? ఒక్క గుడి పెట్టి ఊరు ముంచినవ్ గదరా!"

"తిట్టు. గని ఫిల్ము ఇయ్యి."

ఆమె వాకిలి వైపు చూసింది. బీరువా తెరిచి ఫిల్ము చుట్ట తీసింది. "కరెంటొచ్చేదాంక ఇది నా చేతిల ఉంటది. వచ్చిందంటే సార్ వచ్చి మిషను కాడ నిలవడ్తడు. రెండు గొట్టంగ రావొచ్చు, ఇప్పుడే రావొచ్చు. నీకున్నదెంత సేపో నువ్వే సూస్కో."

మొగిలయ్య ఫిల్మును గాజుబల్ల మీద పరిచి నాలుగు మూలలా బరువులు పెట్టాడు. సగం విరిచిన బ్లేడు తీశాడు. ఫిల్ము మీద సిరా గీకడం గడ్డం గీయడం లాంటిది కాదు. వేలు కొంచెం బరువెక్కితే చిల్లు. మొదటి గుడి మీద బ్లేడు పడుకోబెట్టి, ఊపిరి బిగబట్టి, గీకాడు. నల్లటి పొడి లేచింది. ఊదాడు. మడ. రెండోది. చెమట చుక్క జారి ఫిల్ము మీద పడబోతే లక్ష్మీనర్సమ్మ కొంగుతో అతని నుదురు ఒత్తింది.

రెండు గుళ్లకు పన్నెండు నిమిషాలు పట్టింది. ఇంకా తొమ్మిదున్నాయి. వాటి తర్వాత వరి దుబ్బులు, వందల కొద్దీ. మూడు రోజులైనా అవి గీకలేడు.

మూడో గుడి మీద బ్లేడు ఆగిపోయింది.

"ఏందిరా, ఆగినవ్?"

"అక్కా, గుళ్లు దీసిన అనుకో. దుబ్బులు ఉంటయి. రేపు ఇంకొకడు సూస్తడు. మడ అని ఉంటది, చుట్టు వరి ఉంటది. ఎవడో గుడి మరిచిండు అనుకుంటడు. మళ్ల పెడ్తడు. నా అసొంటోడు నేనొక్కన్నే ఉంటనా?"

అది నిజమని ఇద్దరికీ తెలుసు.

మొగిలయ్య బ్లేడు పక్కన పెట్టి పెన్ను తీశాడు. పెద్ద అక్షరాల పెన్ను, ఊర్ల పేర్లు రాసేది. అంచున రాస్తే కత్తెరతో కోసి పారేస్తారు. ఊరి మీద రాస్తే ఊరు కనపడదు. దీవికి ఆనుకుని తూర్పున జానెడు తెల్లటి జాగా ఉంది, సముద్రం. దాన్ని కొయ్యాలంటే దీవినే కొయ్యాలి. అక్కడ మొదలుపెట్టాడు.

"ఈ పటములో మడి అని వ్రాసినది తప్పు. ఫీల్డు బుక్కు నాలుగవ పేజీలో మడ అని ఉన్నది. గుడి చేర్చినది నేను. తప్పు నాది. మొగిలయ్య."

జీవితంలో ఇంత లావు అక్షరాలు తన పేరుకు ఎప్పుడూ వాడలేదు. ఆఖరి అక్షరం సిరా ఇంకా తడిగా మెరుస్తుండగానే నెత్తి మీద ఫ్యాను కిర్రుమని తిరిగింది. ఒకటీ నలభై.

"వచ్చింది!" అంది లక్ష్మీనర్సమ్మ. అద్దాల గదిలో కుర్చీ జరిగిన చప్పుడు. "ఊదు, ఊదు, ఆరనీయ్!"

ఇద్దరూ వంగి ఊదారు. చెప్పుల చప్పుడు విశ్వనాథం గది నుంచి బయల్దేరి, మధ్యలో ఎవరి బల్ల దగ్గరో ఆగింది. లక్ష్మీనర్సమ్మ మిషను మీట నొక్కింది. గొట్టం లైటు నీలంగా వెలిగింది. ఫిల్ము కింద కాగితం పెట్టి తోసింది. అమోనియా ఆవిరి తగిలి మొదటి ప్రింటు అవతలికి తడితడిగా జారింది. దీవి, ఊరు, వరి దుబ్బులు, పక్కన సముద్రం నిండా మొగిలయ్య తప్పు. ఆమె ఆ ప్రింటును చుట్టి కిటికీ చువ్వల్లోంచి బయటికి దూర్చింది. "ఓ పెద్దమనిషీ! పట్టుకో. ఎవరన్న అడిగితే ఇయ్యకు."

విశ్వనాథం లోపలికొచ్చేసరికి రెండో ప్రింటు వస్తోంది. చూశాడు. కళ్లజోడు తీసి తుడిచి మళ్లీ చూశాడు.

"ఏమిటిది? ఒరేయ్, ఏమిటిది?"

"ఉన్నదే రాసిన సార్."

"గీకు. ఇప్పుడే గీకు. రెండు గంటల టైముంది."

"గీకను సార్."

"గీకకపోతే ఈ షెడ్డులోనే కాదు, ఉప్పల్ నుంచి సికింద్రాబాద్ దాకా ఏ షాపులోనూ నీకు బల్ల ఉండదు!"

"ఉండకపోనీయుండ్రి."

విశ్వనాథం తనే బ్లేడు తీసుకున్నాడు. వంగాడు. ముప్ఫై ఏళ్ల కింద ఆ చేతులు ఎలా ఉండేవో గాని, ఇప్పుడు కోపానికో వయసుకో వణుకుతున్నాయి. మొదటి అక్షరం దగ్గరే ఫిల్ము పర్రున చిరిగింది. చిల్లు కిందినుంచి గాజుబల్ల కనపడింది.

అప్పుడే బయట హారన్. జీపు నాలుగింటికి రావాలి. రెండింటికే వచ్చింది.

దిగినవాడు బసవరాజు. జిల్లా సర్వేయరు. గవ్వలదీవి ఫీల్డు బుక్కు రాసింది ఇతనే. లోపలికొచ్చి "ఏమండీ, ప్రతులు రెడీయేనా?" అంటుండగానే వెనకాల కామరాజు కూడా చొరబడ్డాడు.

"బసవరాజుగారూ, బాగున్నారా అండి? మా పడవలోనే కదండీ మడలోకి వచ్చారు. బురదలో చెప్పులు దిగబడిపోతే నా భుజం మీద ఎక్కి కొలిచారు."

బసవరాజు ఫిల్ము చూస్తున్నాడు. "ఫీల్డు బుక్కు నాలుగవ పేజీలో" అన్నచోట అతని చూపు ఆగింది. ఆ పేజీ అతని చేతిరాత. దాని మీద అతని సంతకం.

"చిన్న పొరపాటండీ," అన్నాడు విశ్వనాథం. "కుర్రాడికి మతి పోయింది. సాయంత్రానికి కొత్త ఫిల్ము..."

"సార్," అన్నాడు మొగిలయ్య బసవరాజుతో. "మీరు మడ అనే రాసిన్రు. మరి బోర్డు మీద మడి అని సూసినంక ఎందుకు ఊకున్నరు?"

బసవరాజు తల తిప్పి కామరాజు చంకలోని చుట్ట చూశాడు.

"అదేమిటి?"

"ఇదేనండి. దీని కాపీయే."

"ఇటివ్వు."

"ఇవ్వనండి."

"సర్కారు కాగితం అది. ఇటివ్వమంటున్నానా?" డ్రైవరు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. కామరాజు ఒక అడుగు వెనక్కి వేశాడు. లక్ష్మీనర్సమ్మ వచ్చి అతనికీ డ్రైవరుకూ మధ్య నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది. "ముట్టు బిడ్డా, ముట్టి సూడు," అంది డ్రైవరుతో. వాడు ముట్టలేదు.

"ఇది రేప్పొద్దున కలెక్టరుగారి గుమ్మంలో ఉంటదండి," అన్నాడు కామరాజు. "నాతోపాటు నూట ముప్ఫై ఇళ్లూ ఉంటాయి. బుక్కు తెప్పించండి, నాలుగో పేజీ తియ్యండి అంటాం. అంతేనండి, ఇంకేం అనం."

బసవరాజు జేబులోంచి పెన్ను తీశాడు. ప్రతులు ముట్టినట్టు సంతకం చెయ్యాల్సిన కాగితం మీద ఇలా రాశాడు: "ఫీల్డు బుక్కునకు, పటమునకు తేడా ఉన్నందున స్వీకరించలేదు. దీవిని తిరిగి కొలిచిన పిమ్మట గాని ఖరారు చేయరాదు. అంతవరకు బుక్కు ప్రకారము సవరించి పంపవలెను." తేదీ వేశాడు. సంతకం పెట్టాడు. ఎవరి మొహమూ చూడకుండా జీపెక్కాడు.

అతను మంచివాడై రాశాడని ఎవరూ అనుకోనక్కర్లేదు. నాలుగో పేజీకి భయపడి రాశాడు. భయపడ్డా రాశాడు, అది చాలు. మనిషి మారేదాకా ఆగితే దీవిలో చెట్టు మిగలదు.

విశ్వనాథం కుర్చీలో కూలబడ్డాడు. చివరికి అన్నాడు, "సవరణ కింద మొదట గీసినవాడి సంతకమే ఉండాలి. రూలు. కొత్త ఫిల్ము మీద గీసి, సంతకం పెట్టి, ఇక పో. మళ్లీ ఈ గుమ్మం ఎక్కకు."

"సరే సార్."

మొగిలయ్య కొత్త ఫిల్ము పరిచాడు. ఫీల్డు బుక్కు ఎడమపక్క తెరిచి పెట్టుకున్నాడు. ఊరు గీశాడు, కాలవలు గీశాడు, పదకొండు చోట్లా మడ అని రాశాడు. చెట్టు గుర్తు ఎట్లా ఉండాలో కామరాజును అడిగి, వేళ్లు పైకి పొడుచుకొచ్చినట్టు గీశాడు. మూడు రోజులు పట్టింది. కామరాజు ఊరికి ఉత్తరం పడేసి ఆ మూడు రోజులూ షెడ్డు వరండాలోనే పడుకున్నాడు.

మూడోనాడు కామరాజు వేలు దీవి తూర్పున తెల్లటి జాగా మీద పెట్టాడు.

"ఇక్కడేం రాయరాండి?"

"అది సముద్రం గదా. నీళ్లల్ల ఏం రాస్తరు?"

"నడుం లోతు కూడా ఉండదండి. మడలో పుట్టిన పిల్లంతా ఇక్కడికే దిగి పెరుగుద్ది. ఈ ఇసక దిబ్బ మీద తాబేళ్లు గుడ్లు పెడతాయి. మీరు మడ ఒక్కటీ రాసి ఇది ఖాళీగా వదిలేత్తే, రేపు కంపెనీవోడు పక్కన చెరువులు తవ్వి మురుగంతా ఇందులోకే వదులుతాడు. ఏమన్నా అంటే, పటంలో ఖాళీయేగా అంటాడు."

పెన్ను మొగిలయ్య చేతిలోనే ఉంది. విశ్వనాథం గదిలో లేడు. రెండు మాటలు రాస్తే అడిగేవాడు లేడు. కామరాజు ఆ పెన్ను మొన వైపే చూస్తున్నాడు.

మొగిలయ్య పెన్నుకు మూత పెట్టాడు.

"బుక్కుల లేంది నేను రాయ. రాసినందుకే గదా గింత లొల్లి."

"మరైతే ఎలాగండి?"

"మళ్ల కొలవనీకి వస్తరు గదా. ఆ సార్‌ను నీ పడవ ఎక్కించుకో. గీ జాగకు తోల్కపో. నీళ్లల్ల దించు. బుక్కుల రాసేదాంక ఒడ్డుకు తీస్కరాకు."

"ఆయన రాయనంటేనోండి?"

"పడవ నీదే గదనే," అన్నాడు మొగిలయ్య.